గూడ్స్ డబ్బా మీద ఒక్క అక్షరం: పాత ఫొటోల్లో నిజాం రైలును చదవడం ఎట్లా?

ఎల్లంతకుంట నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మనం మాట్లాడుకునేది ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వస్తువు గురించి. గూడ్స్ బండి డబ్బా గురించి.

రైలింజన్ అంటే చిన్న పిల్లల నుంచి ముసలోళ్ల దాకా అందరికీ ఇష్టమే. పాత బొగ్గు ఇంజన్ ఫొటో కనిపిస్తే చాలు, పదిమందికి పంపిస్తాం. దాని వెనుక తగిలించిన డబ్బాలను మాత్రం ఎవరూ చూడరు. గేటు పడ్డప్పుడు బండి మీద కూర్చుని ముప్పై, నలభై, యాభై అని లెక్కబెడతాం, "ఇంకా అయిపోతలేదేంది" అనుకుంటాం, అంతే. నేను కొన్నేళ్లుగా పాత ఫొటోల్లో ఆ డబ్బాలనే చూస్తున్నాను. ఇంజన్ కంటే డబ్బాయే ఎక్కువ మాట్లాడుతుంది. ఎట్లా మాట్లాడుతుందో, మనం ఎట్లా వినాలో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. రైలు పట్టా లేని ఊరివాడికి గూడ్స్ డబ్బాతో ఏం పని? అసలు పని ఉన్నది మనకే. నిజాం కాలంలో మా ఎల్లంతకుంటకు రైలు లేదు, సిరిసిల్లకు లేదు, వేములవాడకు లేదు. జగిత్యాల, కోరుట్ల దిక్కు రైలు చూసింది నిన్నమొన్ననే. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ దాకా లైను పూర్తిగా కలిసింది 2017లో. మరి అంతకుముందు మన సరుకు ఎట్లా పోయింది, ఎట్లా వచ్చింది? ఎడ్లబండి మీద కామారెడ్డికో, జమ్మికుంటకో, పెద్దపల్లికో పోయింది. అక్కడ డబ్బాలకెక్కింది. సిరిసిల్ల మగ్గాలకు నూలు కూడా అట్లాంటి ఏదో ఒక స్టేషన్‌లో డబ్బా దిగి, బండ్ల మీద ఊరికి చేరింది. పుస్తకాల్లో లైన్ ప్రారంభోత్సవాలు ఉంటాయి, దివాన్ల పేర్లు ఉంటాయి. మన బస్తా ఏ డబ్బాలో పోయిందో ఉండదు. అది తెలుసుకోవాలంటే ఫొటో, రసీదు, రైల్వే రిపోర్టు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు తెర మీద ఒక ఫొటో చూపిస్తున్నాను. సిరిసిల్లలో నూలు వ్యాపారం చేసిన ఒక కుటుంబానిది. వాళ్ల అనుమతితోనే చూపిస్తున్నాను, పేర్లు మాత్రం చెప్పను. అరచేతి కంటే కొంచెం పెద్ద ఫొటో. ఒక మూసి ఉన్న గూడ్స్ డబ్బా, దాని తలుపు ముందు బస్తాలు, పక్కన రుమాలు చుట్టుకున్న ఒక మనిషి. ఎండ పైనుంచి పడుతోంది కాబట్టి ముఖం సగం నీడలో ఉంది. వయసు చెప్పడం కష్టం. ఆ ఇంట్లో ఈ ఫొటోకు దండ వేసి ఉంటుంది. "మా తాత, కామారెడ్డి టేషన్‌ల నూలు దించుకుంటున్నప్పటిది" అని ఇంటి పెద్దాయన చెప్పారు. ఆయనకు ఎనభై దాటినయ్.

ఫొటో వెనుక కూడా అదే రాసి ఉంది: కామారెడ్డి, తాత. అయితే ఆ రాత బాల్ పెన్నుతో రాసింది. మన ఊళ్లలో బాల్ పెన్నులు వాడకంలోకి వచ్చింది స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత. అంటే ఫొటో తీసినప్పుడు రాసింది కాదు, ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో గుర్తుపెట్టుకుని రాసింది. తప్పని కాదు. కానీ అది సాక్ష్యం కాదు, జ్ఞాపకం. ఈ తేడా మొదట మనసులో పెట్టుకోండి.

ఇక డబ్బా దగ్గరికి పోదాం. మొదట చూడాల్సింది డబ్బా పక్క భాగం కాదు, చివరి భాగం. ఒక డబ్బాను ఇంకో డబ్బాకు తగిలించే చోటు. మన దేశంలో పాత బ్రాడ్‌గేజ్ డబ్బాలకు చివరన రెండు పక్కలా రెండు గుండ్రటి బఫర్లు ఉంటాయి, మధ్యలో గొలుసులాంటి స్క్రూ కప్లింగ్ ఉంటుంది. మీటర్‌గేజ్ డబ్బాకు మధ్యలో ఒక్కటే బఫర్, దానికే కొక్కెం. పట్టాల మధ్య దూరం బ్రాడ్‌గేజ్‌లో 1676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్‌లో సరిగ్గా ఒక మీటరు. కానీ ఫొటోలో పట్టాలు గడ్డిలోనో మట్టిలోనో కలిసిపోతాయి, కొలవడం కుదరదు. బఫర్లు మాత్రం ఎత్తులో ఉంటాయి, కనిపిస్తాయి. ఒకటా రెండా అని లెక్కబెడితే చాలు.

మన ఫొటోలో డబ్బా కొంచెం వాలుగా నిలబడి ఉంది, చివర కనిపిస్తోంది. చూడండి, రెండు బఫర్లు. అంటే బ్రాడ్‌గేజ్. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. కామారెడ్డి మీదుగా పోయే సికింద్రాబాద్–మన్మాడ్ లైను, దాన్నే అప్పట్లో హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే అనేవాళ్లు, 1900 ప్రాంతంలో మీటర్‌గేజ్‌గా వేసింది. వందేళ్ల దాకా అట్లాగే ఉంది. ఆ రోజుల్లో కామారెడ్డి స్టేషన్‌లో రెండు బఫర్ల డబ్బా నిలబడే అవకాశమే లేదు, పట్టా పట్టదు. కాబట్టి ఈ ఫొటో కామారెడ్డిది కాదు. బ్రాడ్‌గేజ్ ఉన్న ఏదో ఒక స్టేషన్. జమ్మికుంట కావచ్చు, పెద్దపల్లి కావచ్చు, కాజీపేట కావచ్చు, సికింద్రాబాద్ కూడా కావచ్చు.

ఒక మాట పక్కనుంచి చెప్తాను. ఈ రెండు గేజ్‌ల తేడా వల్ల మన వ్యాపారులకు పడ్డ బాధ తక్కువేం కాదు. బొంబాయి నుంచి వాడి మీదుగా బ్రాడ్‌గేజ్ డబ్బాలో వచ్చిన సరుకు కామారెడ్డికి పోవాలంటే సికింద్రాబాద్‌లో ఒక డబ్బాలోంచి దించి ఇంకో డబ్బాలోకి ఎక్కించాలి. హమాలీ ఖర్చు, ఆలస్యం, బస్తాలు చినగడం, తడవడం. అందుకే ఏ డబ్బాలో వచ్చింది అనేది ఊరికే సరదా ప్రశ్న కాదు, నూలు ధరలోకి చేరే ప్రశ్న.

రెండోది, డబ్బా మీది అక్షరాలు. ప్రతి డబ్బా మీద అది ఏ రైల్వేదో చెప్పే పొట్టి అక్షరాలు, దాని నంబరు, ఖాళీ బరువు, ఎంత సరుకు మోయగలదు అనే లెక్క రాసి ఉంటాయి. ఎందుకంటే డబ్బా సొంత రైల్వే దాటి ఎక్కడికైనా పోతుంది. వాడిలో దాటి బొంబాయి పోతుంది, బెజవాడలో దాటి మద్రాసు పోతుంది. ఎవరి డబ్బా ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉందో లెక్క తేలాలి, కిరాయి కట్టాలి. ఈ లావాదేవీలకు దేశం మొత్తానికి కలిపి నియమాలు పెట్టింది 1900ల మొదట్లో ఏర్పడ్డ ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్. కాబట్టి ఆ అక్షరాలు అలంకారానికి రాసినవి కావు, పైసల లెక్క కోసం రాసినవి. పైసల లెక్క కోసం రాసిన దాన్ని జాగ్రత్తగానే రాస్తారు. మనకు అది మంచి సాక్ష్యం.

మన ఫొటోలో డబ్బా పక్కన "ఎన్", దాని పక్కన "ఎస్" కనిపిస్తున్నాయి. రెంటి మధ్యలో ఇంకో అక్షరం పట్టే చోటు లేదు. అంటే "జి" లేదు. ఈ ఒక్క "జి" ఉండడం, లేకపోవడం చాలా పెద్ద విషయం.

ఎందుకో చెప్పాలంటే చరిత్రలో కొంచెం వెనక్కి పోవాలి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది 1874లో. అప్పుడు అది నిజాం స్టేట్ రైల్వే. దాన్ని వరంగల్, బెజవాడ దిక్కు పొడిగించాలన్నప్పుడు, 1880లలో లండన్‌లో పెట్టుబడితో ఒక కంపెనీ పుట్టింది. ఆ వాటాదారులకు లాభం వచ్చినా రాకపోయినా ఇంత వడ్డీ ఇస్తామని నిజాం ఖజానా హామీ పడింది. ఆ హామీయే "గ్యారంటీడ్". అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. డబ్బా మీది "జి" అంటే అదే.

ఈ ఒప్పందం అప్పుడే గొడవైంది. చాందా రైల్వే స్కీం అనేవాళ్లు. 1883లో హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు "ఈ ఒప్పందం కాగితాలు బయటపెట్టండి, జనం సొమ్ముకు హామీ పడేముందు జనానికి చెప్పండి" అని అడిగారు. అట్లా అడిగినవాళ్లలో ముఖ్యుడు అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి. ఆ అడిగినందుకు ఆయన్ని హైదరాబాద్ రాజ్యం నుంచి బయటికి పంపించారు. హైదరాబాద్‌లో ప్రజలు సర్కారును లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఆ చాందా దిక్కు పోయే లైను, అంటే కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా బల్లార్షా లైను, చివరికి పూర్తయింది 1929లో. మద్రాసు–ఢిల్లీ దగ్గరి దారి కలిసింది అప్పుడే.

ఆ తర్వాత 1930 ఏప్రిల్ 1న నిజాం సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. హామీ పోయింది. పేరులోంచి "గ్యారంటీడ్" పోయింది. "జి" పోయింది. 1951 నవంబర్ 5న ఈ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. ఇవన్నీ డబ్బా మీద అక్షరాలు మారిన సందర్భాలే.

అయితే తొందరపడొద్దు. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి.

మొదటిది. 1930 ఏప్రిల్ 1 పొద్దున లేచి ఎవరూ వేల డబ్బాలకు రంగు కొట్టలేదు. డబ్బా మరమ్మతుకు వర్క్‌షాపుకు వచ్చినప్పుడు కదా కొత్త అక్షరాలు రాసేది! నిజాం రైల్వేకు సికింద్రాబాద్ లాలాగూడలో 1893లోనే వర్క్‌షాపు పెట్టారు. డబ్బా అక్కడికి వచ్చేదాకా పాత అక్షరాలతోనే తిరుగుతుంది. కాబట్టి "జి" కనిపిస్తే, అది 1930కి ముందుదే అని గట్టిగా చెప్పలేం. తర్వాత కొన్నేళ్లదీ కావచ్చు. కానీ "జి" లేకుండా కనిపిస్తే, పేరు మారకముందే ఎవరూ దాన్ని తీసేయరు కదా! అంటే 1930 తర్వాతిదే. ఒక దిక్కు గట్టి సాక్ష్యం, ఇంకో దిక్కు మెత్తటి సాక్ష్యం. పాత ఫొటోలకు తారీకు కట్టేటప్పుడు ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

రెండోది. 1874 నుంచి ఆ కంపెనీ వచ్చేదాకా కూడా పేరులో "గ్యారంటీడ్" లేదు గదా, మరి ఇది ఆ కాలపు డబ్బా ఎందుకు కాకూడదు? మంచి ప్రశ్న. దానికి జవాబు డబ్బా కట్టుబడిలో ఉంది. ఈ డబ్బా గోడ ఉక్కు రేకు, అంచుల వెంట రివెట్ల వరస కనిపిస్తోంది. చివర బఫర్ల మధ్య ఒక గొట్టం వేలాడుతోంది, అది వాక్యూం బ్రేకు గొట్టం. 1870లలో మన దగ్గరి గూడ్స్ డబ్బాకు ఆ గొట్టం ఉండదు. పైగా ఇట్లాంటి చిన్న ఫొటోలు, చేతి కెమెరాతో ఒక వ్యాపారి పక్కన నిలబడి తీసినవి, ఆ కాలంలో లేవు. అప్పుడు ఫొటో అంటే గాజు పలక, మూడు కాళ్ల స్టాండు, పెద్ద సరంజామా. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మన ఫొటో 1930కీ, సెంట్రల్ రైల్వే అక్షరాలు వచ్చిన 1950ల మొదటి ఏళ్లకూ మధ్యది.

ఇప్పుడు రెండో చిక్కు. ఆ ఇంట్లో తాత చనిపోయింది ఎప్పుడు? పెద్దాయన ట్రంకు పెట్టెలోంచి విరాసత్ కాగితం తీశారు. ఉర్దూలో ఉంది. తాత పోయాక భూమి కొడుకు పేరు మీదికి మారిన కాగితం. దాని మీద ఫస్లీ 1336 అని ఉంది. నిజాం రాజ్యంలో కాగితాలు ఫస్లీ లెక్కలోనే ఉంటాయి. ఏడాది అక్టోబర్‌లో మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే 590, మిగతా నెలలకు 591 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1336 అంటే 1926 అక్టోబర్ నుంచి 1927 అక్టోబర్ దాకా. అంటే తాత పోయిన రెండేళ్లకు కూడా ఈ డబ్బా మీద "జి" పోలేదు.

కాబట్టి డబ్బా పక్కన నిలబడ్డ మనిషి తాత కాదు.

ఈ మాట ఆ ఇంట్లో ఎట్లా చెప్పాలి? ఇన్నేళ్లుగా దండ వేస్తున్న ఫొటో అది. నేను అక్షరాలు చూపించాను, బఫర్లు చూపించాను, కాగితం మీది తారీకు చూపించాను. పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "గట్లయితే మా బాపా?"

విషయం ఏమిటంటే, తాత పోయాక వ్యాపారం చూసింది ఆయన కొడుకు, అంటే ఈ పెద్దాయన తండ్రి. ఆయన కూడా తొందరగానే పోయారు. అప్పటికి పెద్దాయనకు మూడేళ్లు. తండ్రి ముఖం ఆయనకు యాదిలో లేదు. తండ్రి ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదనే ఎనభై ఏళ్లుగా అనుకుంటున్నారు.

అప్పుడు నేను చెప్పగలిగింది ఒక్కటే. డబ్బా తారీకు చెప్తుంది, పేరు చెప్పదు. ఆ మనిషి మీ బాపు కావచ్చు. మీ దుకాణం గుమాస్తా కావచ్చు. స్టేషన్‌లో ఇంకో షావుకారు కావచ్చు. డబ్బాను అడిగి మనిషి పేరు తెలుసుకోలేం. కానీ తాత కాదు అని మాత్రం డబ్బా గట్టిగా చెప్తోంది.

ఆ ట్రంకులోనే ఇంకో చిన్న కట్ట దొరికింది. రైల్వే రసీదులు. వ్యాపారులు ఆర్.ఆర్. అంటారు, పాతవాళ్లు బిల్టీ అంటారు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు, ఎన్ని బస్తాలు, ఎంత బరువు, పంపినవాడెవడు, తీసుకునేవాడెవడు, ఇవన్నీ అందులో ఉంటాయి. డబ్బా నంబరు రాసే చోటు కూడా ఉంటుంది. కొన్నింట్లో తీసుకునేవాడి పేరు ఆయన తండ్రిదే. దిగిన స్టేషన్ జమ్మికుంట. అంటే తండ్రి బ్రాడ్‌గేజ్ స్టేషన్‌కు పోయి సరుకు దించుకున్న మాట నిజం. ఇది ఫొటోలో ఉన్నది ఆయనే అనడానికి రుజువు కాదు. కానీ ఆ మాట నమ్మడానికి అడ్డం వచ్చేది కూడా ఏదీ లేదు. అంతవరకే చెప్పి నేను ఆగాను. ఫొటో కింద ఇప్పుడు ఏ పేరూ రాయలేదు. రసీదుల కట్టను మాత్రం ఆ ఫొటో వెనుకే పెట్టుకున్నారు.

సరే, ఇక పద్ధతి సంగతికి వద్దాం. మీలో ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే రికార్డులు ఎక్కడ చూడాలి?

ఒకటి, రైల్వే బోర్డు ఏటా అచ్చువేసిన రిపోర్టులు. బోర్డు ఏర్పడింది 1905లో, అంతకుముందు కూడా భారత ప్రభుత్వం ఏటా రైల్వేల రిపోర్టు వేసేది. దేశంలోని ఒక్కో రైల్వేకు ఎన్ని మైళ్ల లైను, ఎన్ని ఇంజన్లు, ఎన్ని డబ్బాలు, ఎంత సరుకు మోసింది, పట్టికలుంటాయి. చాలా సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఏ లైన్ ముక్క ఏ తారీకున తెరిచారో చెప్పే "హిస్టరీ ఆఫ్ ఇండియన్ రైల్వేస్" అనే సర్కారు పుస్తకం కూడా ఉంది. లైను తెరవకముందు అక్కడ డబ్బా నిలబడదు కదా, ఫొటోకు అదొక హద్దు.

రెండు, హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్. నిజాం సర్కారు దస్తావేజులు అక్కడ ఉన్నాయి. ఉర్దూ, ఫారసీ చదవగలిగేవాళ్లను తోడు తీసుకుపోండి.

మూడు, డబ్బాలు తయారుచేసిన కంపెనీల కాగితాలు. అప్పట్లో మన దేశపు డబ్బాలు చాలావరకు ఇంగ్లండు నుంచి విడి భాగాలుగా ఓడల్లో వచ్చేవి. ఇంగ్లండులోని గ్లోస్టర్ క్యారేజ్ అండ్ వ్యాగన్ కంపెనీ లాంటివి తమ దగ్గర తయారైన డబ్బాకు ఒక ఫొటో తీసేవి. ముందు ఒక బోర్డు నిలబెట్టి, ఎవరి కోసం చేశారో, కొలతలెంతో దాని మీద రాసేవాళ్లు. ఆ కంపెనీ కాగితాలు ఇప్పుడు గ్లోస్టర్ పట్టణం ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మనం ఫొటోలో రివెట్లు లెక్కబెట్టి కష్టపడి కనుక్కునేది అక్కడ బోర్డు మీదే రాసి ఉంటుంది.

అమెరికాలో ఈ పని చేసేవాళ్లు వేలమంది ఉన్నారు. అక్కడి డబ్బాల మీద కట్టిన తారీకే కాదు, మళ్లీ తూకం వేసిన నెల, సంవత్సరం కూడా రాసేవాళ్లు. చెక్క డబ్బా ఎండకు ఎండి, వానకు తడిసి బరువు మారుతుంది, అందుకని అప్పుడప్పుడు తూకం వేయాల్సిందే. ఆ తారీకు చూసి ఫొటో ఏ ఏడాది తర్వాతిదో చెప్పేస్తారు. ఏ రైల్వేలో ఏ నంబర్ల వరసలో ఏ రకం డబ్బాలున్నాయో చెప్పే రిజిస్టరు అక్కడ అచ్చయ్యేది. జాక్ డెలానో అనే ఫొటోగ్రాఫర్ 1942–43లో షికాగో రైల్వే యార్డుల్లో సర్కారు కోసం ఫొటోలు తీశాడు. ఆయన ముఖ్యంగా తీసింది కార్మికులను. వాళ్ల వెనుక నిలబడ్డ డబ్బాలు అనుకోకుండా పడ్డాయి. ఇప్పుడు పరిశోధకులు ఆ వెనుక డబ్బాలనే భూతద్దం పెట్టి చదువుతున్నారు. మన దగ్గరా అంతే. పెళ్లి బృందం స్టేషన్‌లో దిగిన ఫొటో, లీడరుకు స్వాగతం చెప్పిన ఫొటో, బడి పిల్లల విహారయాత్ర ఫొటో, వీటి వెనుక మూలన ఒక డబ్బా ఉంటుంది. ఫొటో తీసినవాడు దాన్ని చూడలేదు. మనం చూడాలి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన హెచ్చరిక. పాత ఫొటో దొరకగానే ఫోనులో ఏదో యాప్‌లో వేసి "క్లియర్" చేయకండి. ఇప్పుడు వస్తున్న ఏఐ యాప్‌లు మసకగా ఉన్న అక్షరాన్ని తెలుసుకుని చూపించవు, ఊహించి గీస్తాయి. మసకగా ఉన్న చోట ఒక అందమైన "జి" గీసి పెట్టిందనుకోండి, మన 1930 లెక్క మొత్తం తలకిందులవుతుంది. అసలు ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేయండి. వెనుక భాగం కూడా స్కాన్ చేయండి. ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీద ఏదైనా చేసుకోండి.

రంగులు వేయడం కూడా అంతే. పాత గాజు పలకలు ఎరుపును సరిగా పట్టేవి కావు. ఎర్ర మట్టి రంగు డబ్బా ఆ ఫొటోలో దాదాపు నల్లగా వస్తుంది. యాప్ దాన్ని చూసి నల్ల రంగు వేస్తుంది. చూసినవాళ్లు నిజాం డబ్బాలు నల్లటివి అనుకుంటారు. వాట్సాప్‌లో అది పది చోట్ల తిరిగాక, ఇక అదే చరిత్ర.

చివరగా, ఇవాళ్టి సంగతి. మనోహరాబాద్–కొత్తపల్లి లైను పని మీ అందరికీ తెలుసు. దాదాపు 151 కిలోమీటర్లు. 2016 ఆగస్టులో శంకుస్థాపన అయింది. సిద్దిపేట దాకా 2023 అక్టోబర్ 3న రైలు మొదలైంది. అక్కడి నుంచి సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లి దాకా రావాలి. అంటే మా దిక్కు మొదటి గూడ్స్ డబ్బా రాబోతోంది. కాజీపేటలో వ్యాగన్ల ఫ్యాక్టరీకి కూడా 2023 జూలైలో శంకుస్థాపన జరిగింది. రేపు మన ముందు నిలబడే డబ్బా మన పక్కనే తయారైనదే కావచ్చు.

ఆ డబ్బాను కూడా ఫొటో తీయండి. ఇప్పుడు డబ్బాల మీద పదకొండు అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు డబ్బా రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు దాని సొంత నంబరు, చివరి అంకె తప్పు దొరలకుండా లెక్క సరిచూసుకోవడానికి. బొగ్గు బండి మీద బాక్స్‌ఎన్ అని కనిపిస్తే, చివరి "ఎన్" అంటే గాలి బ్రేకు ఉన్న డబ్బా అని అర్థం. పాత నాలుగు చక్రాల డబ్బా మోసింది సుమారు 22 టన్నులు, ఈ ఎనిమిది చక్రాల బాక్స్‌ఎన్ మోసేది 58 టన్నులకు పైన. మన పిల్లలు గేటు దగ్గర నిలబడ్డప్పుడు డబ్బాలు లెక్కబెట్టడమే కాకుండా ఈ నంబరు చదవడం నేర్పండి. సరదాగా నేర్చుకుంటారు.

మీ దగ్గర ఒక పని కోరుతున్నాను. ఇంట్లో ట్రంకు పెట్టెలు, దుకాణం అటకలు ఒకసారి దించండి. బిల్టీలు, పాత లెక్కల పుస్తకాలు, స్టేషన్‌లో తీసిన ఏ ఫొటో అయినా సరే. పాత కాగితాల వాడికి కిలోల లెక్కన వేసేముందు ఒకసారి చూడండి. ఫొటో తీసి, ఎవరి ఇంట్లో దొరికిందో, ఎవరు ఏం చెప్పారో, ఏ తారీకున చెప్పారో వేరే కాగితం మీద రాయండి. ఫొటో వెనుక మాత్రం రాయకండి. పెద్దలు చెప్పింది "చెప్పారు" అని రాయండి, కంటికి కనిపించేది "కనిపిస్తోంది" అని రాయండి. రెండూ విలువైనవే, కలిపేస్తే మాత్రం రెండూ చెడిపోతాయి.

వచ్చే ఎపిసోడ్‌లో సింగరేణి బొగ్గు సంగతి చూద్దాం. ఇల్లెందు దగ్గర 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనుక్కోవడం, ఆ బొగ్గు కోసం డోర్నకల్ నుంచి లైను వేయడం, పై కప్పు లేని బొగ్గు డబ్బాలను ఫొటోల్లో ఎట్లా గుర్తుపట్టాలో మాట్లాడుకుందాం. అందాకా సెలవు. నమస్తే.